దయ్యానికి పిన్ని గొంతు

కిటికీ లేని గది, మూడో అంతస్తు,
జనవరి 9.

పిన్నీ,

ఫోనుండగా ఈ కాగితమేమిటని ఈపాటికి బాబాయితో అనే ఉంటావు. మా ఆఫీసులో కొత్త రూలు వచ్చింది. తయారవుతున్న ఆట గురించి బయటివాళ్ళతో ఫోనులో గానీ మెయిల్లో గానీ ఒక్క ముక్క మాట్లాడనని అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నారు. ఉత్తరాల ఊసు అందులో లేదు. లోకంలో ఉత్తరాలు ఇంకా ఉన్నాయని ఆ రూలు రాసినవాడికి తెలిసినట్టు లేదు.

సంగతేమిటంటే, ఆత్మలతో మాట్లాడే వీడియో గేమ్ ఒకటి చేస్తున్నాం. పేరు 'ఉన్నారా?'. ఆడేవాడు ఒక ఖాళీ ఇంట్లో బల్ల ముందు కూర్చుని మైకులో ప్రశ్నలడుగుతాడు. ఆ ఇంట్లోనే చనిపోయిన ఒకావిడ జవాబులు చెబుతుంది. రక్తం ఉండదు, కోరలుండవు. ఉత్త మాటలతోనే మనిషికి మతిపోవాలి. చప్పుళ్ళన్నీ నా బాధ్యత. ఆవిడ గొంతు కోసం పద్నాలుగు మంది నటీమణులను పిలిచాం. పద్నాలుగు మందీ వచ్చి కేకలు పెట్టి వెళ్ళారు. పదమూడో ఆవిడ కేకకి పక్క ఆఫీసువాళ్ళు వచ్చి ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగారు. భయం మాత్రం ఎవరికీ వేయలేదు.

మొన్న స్టేషన్లో రైలు కోసం నిలబడ్డాను. నువ్వు రిటైరై ఆరేళ్ళయినా అక్కడ మోగేది ఇప్పటికీ నీ గొంతే కదా. రైలు రద్దయిందని చెప్పావు. రద్దయినందుకు ఇసుమంతైనా బాధపడకుండా, ఎంతో మర్యాదగా చెప్పావు. నా పక్కనున్న పెద్దాయన మొహం పాలిపోయింది. మాకు కావలసిన దయ్యం మా ఇంట్లోనే ఉందని అప్పుడు తెలిసింది.

మాటల జాబితా జతచేశాను. మీ పాత అనౌన్స్‌మెంట్ గదిలోనే చెప్పి, మెమరీ కార్డు ఉత్తరంతో పాటు పంపెయ్యి. కాదనకు.

నీ చెవులపిల్లి


వంటింటి బల్ల,
జనవరి 15.

ఒరేయ్ చెవులపిల్లీ,

ముప్ఫై ఒక్కేళ్ళు మనిషిగా మాట్లాడాను. ఆరో నంబరు ప్లాట్‌ఫారమని మూడుసార్లు చెబితే జనం నాలుగుకి పరుగెత్తేవారు. ఇప్పుడు దయ్యంగా మాట్లాడితే ఊపిరి బిగబట్టి మరీ వింటారంటున్నావు. ఇంత తేలిక దారి ఉందని తెలిస్తే అప్పుడే చచ్చి ఉందును.

మీ అమ్మ పోయాక తొమ్మిదేళ్ళవాడిని తెచ్చుకుని, చదివించి, ఇంజినీరును చేశానని ఇరుగుపొరుగుకి గొప్పగా చెప్పుకున్నాను. తీరా చూస్తే దయ్యాల మేనేజరువి అయ్యావు. సరే, ఏదో ఒక మేనేజరువి.

ఒప్పుకుంటున్నాను గానీ రెండు షరతులు. మొదటిది, స్టేషన్లో మాకు నేర్పిన పద్ధతిలోనే చెబుతాను. వాక్యం చెప్పాక, దాన్నే మళ్ళీ మాటకి మాట విడదీసి, అన్నీ ఒకే ఎత్తులో, ఒక్కోదాని చివర రెండు సెకన్ల మౌనం పెట్టి చెబుతాను. అలా చెబితేనే ఏ ముక్కనైనా ఏ ముక్కకైనా అతికించుకోవచ్చు. ఏడుపులూ వణుకులూ కావాలంటే ఆ పదమూడో ఆవిడని పిలుచుకో. రెండోది, నేను పంపిన వాటిలో ఏదీ పారేయకూడదు. నీకు పనికొచ్చినా రాకపోయినా సరే.

మీ బాబాయి కులాసా. చూపు పూర్తిగా పోయి రెండేళ్ళయినా ఇంట్లోని నాలుగు గడియారాలకీ తనే కీ ఇస్తున్నారు. వాచీలు బాగుచేసిన చేతులు కదా, ఊరుకోవు. నా గొంతు పట్టుకునే ఇల్లంతా తిరుగుతారు. ఎడమ అంటే ఎడమకి, ఆగమంటే అక్కడికక్కడే. పెళ్ళయిన నలభై ఏళ్ళకి నా మాట వినడం మొదలుపెట్టారు.

పిన్ని


కిటికీ లేని గది,
ఫిబ్రవరి 12.

పిన్నీ,

కార్డు అందింది. విన్నాను. మళ్ళీ విన్నాను. ఆ బొంగురెక్కడ తెచ్చావు? స్టేషన్లో నీ గొంతు గాజులా ఉండేది. ఇందులో మాట చివరికొచ్చేసరికి ఏదో సన్నగా గీసుకుంటోంది. మా వాళ్ళందరికీ వినిపించి, ఇది నటన అంటే, పద్నాలుగు మందీ దీనిముందు బలాదూర్ అన్నాను. నీలో ఇంత కళ ఉందని ఇన్నాళ్ళూ తెలియనందుకు క్షమించు. తర్వాతి కార్డులో ఆ గీత ఇంకొంచెం పెంచగలవా?

ఒక్క ఫిర్యాదు. జాబితాలో లేనివి చెప్పావేమిటి? 'మీ వెనకే ఉన్నాను' బాగుంది. దాని పక్కనే 'మాత్రలు గ్లాసు పక్కన పెట్టాను' ఏమిటి? 'మెట్టుంది, జాగ్రత్త', 'స్టవ్వు కట్టేశాను', 'వాన పడుతోంది, బయటికి వెళ్ళకండి'. ఇలాంటివి తొంభై ఉన్నాయి, లెక్కపెట్టాను. ఇది దయ్యమా, హోమ్ నర్సా? పగ తీర్చుకోవడానికి తిరిగొచ్చిన ఆత్మ స్టవ్వు గురించి అంత శ్రద్ధ తీసుకుంటే ఆడేవాడు భయపడడు, అక్కడే కాపురం పెట్టేస్తాడు.

ముక్కల మధ్యలో, మైకు ఆన్‌లో ఉందని మరిచిపోయి స్టేషన్ ఎలక్ట్రీషియన్ గారిని తిట్టావు చూడు, వాటిని మాత్రం నా సొంత ఫోల్డర్లో దాచుకున్నాను. పని మీద విసుగొచ్చినప్పుడు పెట్టుకుని వింటున్నాను. ఇంట్లో కూర్చున్నట్టుంటుంది.

అన్నట్టు, ఆట సంగతి కాదు, ఊరికే పలకరిద్దామని ఈ వారం ఐదుసార్లు ఫోన్ చేశాను. ఐదుసార్లూ బాబాయే ఎత్తి, మీ పిన్ని స్నానానికి వెళ్ళిందన్నాడు. చేపవైపోతున్నావా ఏమిటి?

నీ చెవులపిల్లి


వంటింటి బల్ల,
మార్చి 3.

ఒరేయ్,

బొంగురు నచ్చినందుకు సంతోషం. పెంచమన్నావుగా, పెంచాను. పెద్దగా కష్టపడనక్కర్లేకుండా దానంతటదే రోజురోజుకీ పెరుగుతోంది. నాలోని కళాకారిణి ఆలస్యంగా నిద్రలేచినట్టుంది.

స్నానాల గురించి నీకేం బాధ? దయ్యమైనంత మాత్రాన మురికిగా ఉండాలా? నువ్వు చిన్నప్పుడు ఒక్క స్నానానికి నాచేత నలభై కేకలు పెట్టించుకునేవాడివి. ఆ అరుపులకే నా గొంతు సగం అరిగింది.

హోమ్ నర్సు ముక్కలు ఇంకో నూట ఇరవై పంపుతున్నాను. ఆవిడ కూడా చావకముందు ఇల్లు నడిపిన మనిషే కదరా. ఆ ఇంట్లో మెట్టు ఎక్కడుందో ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆటలో పెట్టమనడం లేదు. నీ దగ్గర ఉంచమంటున్నాను, అంతే.

ఇంకొకటి, ఊరికే అడుగుతున్నాను. ఒక పెట్టెకి మీటలు బిగించి, ఒక్కో మీట నొక్కితే ఒక్కో ముక్క పలికేటట్టు చేయడం కష్టమా? అబ్బే, నాకేం పని? తోచక అడిగాను.

మీ బాబాయికి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆ బొంగురు గురించి నువ్వు రాసిన చోటికి రాగానే ఆయన గడియారానికి కీ ఇవ్వడానికి లేచి వెళ్ళిపోయారు. పొద్దున ఇచ్చిన గడియారానికే మళ్ళీ ఇచ్చారు.

పిన్ని


కిటికీ లేని గది,
మార్చి 28.

దయ్యం గారికి నమస్కారాలు,

నిన్న పన్నెండు మందిని కూర్చోబెట్టి ఆడించాం. పిన్నీ, నువ్వు చూసి తీరాల్సింది. ఒకాయన బాడీబిల్డరు, కండలు చొక్కాలో పట్టడం లేదు. బల్ల ముందు కూర్చుని గంభీరంగా 'ఉన్నారా?' అని అడిగాడు. నువ్వు రైలు రద్దు చేసినంత మర్యాదగా 'నేనెక్కడికీ పోలేదు. ఈ ఇంట్లోనే ఉన్నాను' అన్నావు. హెడ్‌ఫోన్ విసిరికొట్టి బయటికి పోయాడు. వాళ్ళావిడకి ఫోన్ చేసి, ఏం లేదు, ఊరికే చేశానన్నాడట. పన్నెండు మందిలో తొమ్మిది మంది ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆపేశారు. మా బాసు, అదే మా గడువు గారు, మొదటిసారి నవ్వాడు. నోట్లో గడువు తప్ప వేరే మాట లేని మనిషికి అన్ని పళ్ళున్నాయని ఎవరూ అనుకోలేదు.

నవ్విన నోటితోనే, సర్వరు నిండిపోయింది, ఆటలో లేనిదల్లా సాయంత్రంలోగా తుడిచెయ్యమన్నాడు. నీ హోమ్ నర్సు ముక్కలు రెండొందల పదీ తీసేశాను. కార్డులు కూడా ఖాళీ చేసి, వాటిమీదే తలుపు కిర్రులూ నీటి చప్పుళ్ళూ ఎక్కించుకున్నాం. నీ రెండో షరతు గుర్తుంది. కానీ పిన్నీ, 'స్టవ్వు కట్టేశాను' అనే వాక్యాన్ని భావితరాల కోసం భద్రపరచమని ఏ మొహం పెట్టుకుని అడగను?

ఆట జూన్‌లో విడుదల. నీ పేరు తెరమీద పడుతుంది.

నీ చెవులపిల్లి


వంటింటి బల్ల,
ఏప్రిల్ 2.

నాయనా,

ఆ రెండొందల పదింటిలో ఏవైనా మిగిలాయేమో చూడు. మిగతా పనులాపి చూడు. మిగలకపోతే ఆ మాటే రాయి, వెంటనే రాయి.

పిన్ని


కిటికీ లేని గది,
ఏప్రిల్ 5.

పిన్నీ,

ఏమీ మిగల్లేదు. నిన్నంతా వెతికాను. వాటిమీద ఇప్పటికి నాలుగుసార్లు వేరే చప్పుళ్ళు ఎక్కాయి. పోయాయి.

నీ ఉత్తరంలో ఒక్క వెటకారం లేదు. నాకు ఊహ తెలిశాక నీ నోటినుంచి గానీ చేతినుంచి గానీ అలాంటిది రాలేదు. భయమేసింది. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి, ఐదు రైళ్ళు వెళ్ళేదాకా బెంచీమీద కూర్చుని నీ పాత గొంతు విన్నాను. గదికొచ్చి మొదటి కార్డులోంచి ఆటకి తీసుకున్న మాటలు విన్నాను, తర్వాత రెండోదానివి. ఆ గీత నటన కాదు. ఇద్దరు ముగ్గురు వాద్యగాళ్ళు కలిసి వాయిస్తే ఎవరి తీగ పావు శ్రుతి తగ్గిందో చెప్పగలనని జీతం తీసుకుంటున్నాను. మా పిన్ని గొంతు పాడైతే దాన్ని కళ అన్నాను, ఇంకా పెంచమన్నాను.

ఫోన్ చేస్తే బాబాయి ఎత్తాడు. స్నానం అనలేదు. 'నువ్వు ఉత్తరమే రాయి, తనే చెబుతుంది' అని పెట్టేశాడు. చెప్పు పిన్నీ.

చెవులపిల్లి


వంటింటి బల్ల,
ఏప్రిల్ 8.

ఒరేయ్ చెవులపిల్లీ,

ముందుగా ఆ మూతి తుడుచుకో. తర్వాత చదువు.

గొంతులో కాన్సరు. ముందు కనిపెట్టింది డాక్టరు కాదు, మీ బాబాయి. డిసెంబరులో ఒకరోజు అన్నం తింటూ, నీ మాట చివర ఏదో గీసుకుంటోందే, చక్రం పళ్ళు అరిగితే గడియారం ఇలాగే మోగుతుంది అన్నారు. నా గొంతు గడియారం కాదని దెబ్బలాడాను. పెద్దాసుపత్రిలో ఆయన మాటే ఖాయం చేశారు. పద్నాలుగో తారీఖున ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదన్నారు. తర్వాతెప్పుడో, పుండు మానాక, మెడకి ఆనించుకుంటే మాట వచ్చే యంత్రం ఒకటిస్తారట. ఒకాయన చేత వాడించి చూపించారు. డబ్బాలో తుమ్మెద ప్రసంగిస్తున్నట్టుంది.

నాకు మాట పోవడం పెద్ద బాధ కాదురా. ముప్ఫై ఒక్కేళ్ళ మాటలు ఆడేశాను. పలక కొనుక్కుని రాసుకుంటాను. కానీ రాసింది మీ బాబాయి చదవలేరు. సైగ చేస్తే చూడలేరు. నేను పలక్కపోతే ఆయనకి ఈ ఇంట్లో నేను లేనట్టే. మెట్టు దగ్గర ఎవరు ఆపుతారు? పక్క గదిలో గిన్నె కింద పడితే అది పిల్లో పెళ్ళామో ఆయనకెలా తెలుస్తుంది? అందుకే ఆ రెండొందల పది చెప్పాను. ఆటంతా అయ్యాక వాటిని పెట్టెలో బిగించి ఇమ్మందామనుకున్నాను. ఇంకో కాపీ పెట్టుకోలేదు. నీ దగ్గరున్నవాటికి కాపీ ఎందుకనుకున్నాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు పని మానేసి వచ్చి మంచం పక్కన ముక్కు చీదుతూ కూర్చుంటావు. ఇంటికి ఒక దయ్యం చాలు, ఇద్దరు వద్దు.

నీ ఉత్తరం చూశాక మళ్ళీ చెబుదామని నిన్న మైకు ముందు కూర్చున్నాను. 'మెట్టు' దగ్గరే దగ్గొచ్చి ఆగిపోయాను. ఇప్పుడు గుసగుస తప్ప రావడం లేదు. తప్పు నీది కాదని రాద్దామని కలం పట్టుకున్నాను. చేతకావడం లేదు. నీదే. పారేయవద్దని చెప్పాను కదరా, ఒక్క మాట వినలేదు నువ్వు.

పదమూడున వచ్చెయ్యి. మీ బాబాయిని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.

పిన్ని


కిటికీ లేని గది,
జూన్ 1.

పిన్నీ,

ఆసుపత్రిలో వారం రోజులు నువ్వు పలకమీద రాసిన తిట్లన్నీ బుద్ధిగా చదివాను. తొంభై శాతం న్యాయమైనవే. వెనక్కొచ్చాక ఈ గది తలుపు వేసుకున్నాను. దాని ఫలితం ఈ పార్సెల్.

నువ్వు నీ పద్ధతి మార్చుకుని, నేనడిగినట్టు ఏడుస్తూ వణుకుతూ చెప్పి ఉంటే ఇది అయ్యేది కాదు. అన్నీ ఒకే ఎత్తులో, మాటకి మాట విడిగా చెప్పావు కాబట్టి, మిగిలిన దయ్యం మాటల్ని కోసి అతికించాను. చాలనివి మీ స్టేషన్‌కి వెళ్ళి, ఎలక్ట్రీషియన్ గారి కాళ్ళు పట్టుకుని నీ పాత అనౌన్స్‌మెంట్లలోంచి తెచ్చుకున్నాను. నలభై మీటలున్నాయి. పెట్టె నీ మెడలో వేలాడుతుంది. ఏ మీట ఏమిటో పైన అంటించాను.

కొన్ని కొయ్యకుండానే పనికొచ్చాయి. 'మీ వెనకే ఉన్నాను', 'కదలకండి', 'మీ చెయ్యి ఇలా ఇవ్వండి'. ఈ మూడింటికీ ఆడేవాడు హడలిపోతాడు, బాబాయికి మాత్రం రోజూ కావాలి. దయ్యం 'మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగండి, ఒకటి ఎక్కువుంటుంది' అంటుంది. వెనక సగం కోసేశాను. 'నాకు ఆకలిగా ఉంది' లోని ఆకలికి, స్టేషన్లోని 'సమయము' అతికించి, 'ఆకలి సమయము' చేశాను. కొంచెం గ్రాంథికంగా ఉంటుంది, సర్దుకోండి. వంట పూర్తికాకపోతే 'రెండు గంటలు ఆలస్యముగా నడుచుచున్నది' నొక్కు. స్టవ్వు అనే మాట నీ దయ్యం ఎక్కడా అనలేదు. 'మంట ఆరిపోయింది' అంటుంది, అదే పెట్టాను.

చివరి వరసలో ఎర్ర మీటలు ఆరున్నాయి. వాటిమీద ఏమీ రాయలేదు. నా సొంత ఫోల్డర్లో ఉన్నందువల్ల గడువు గారి చేతికి చిక్కనివి అవి. నొక్కి చూసుకో.

ఆ రెండొందల పది మాత్రం తేలేకపోయాను. దానికి క్షమించమని అడగను. ఆదివారాలు వస్తాను. అప్పుడు తిట్టు, పలకమీద.

నీ చెవులపిల్లి


వంటింటి బల్ల,
జూన్ 7.

ఒరేయ్ చెవులపిల్లీ,

పెట్టె అందింది. మెడలో వేసుకుంటే టికెట్లు కొట్టే కండక్టరులా ఉన్నానని పక్కింటావిడ అంది. ఆవిడకి 'దయచేసి పట్టాల మీదికి రావద్దు' నొక్కాను. ఆ మీట పెట్టినందుకు నీకు సగం తప్పు మాఫీ.

ఈ ఏడు వారాలూ ఇంట్లో ఎలా గడిచిందో నీకు రాయలేదు. బల్లమీద వేలితో కొట్టేదాన్ని, ఆయన అటు తిరిగేవారు. ఒక దెబ్బ అవును, రెండు దెబ్బలు కాదు. అంతకుమించి మా ఇద్దరి మధ్యా మాట లేదు. నేను పక్కనే కూర్చున్నా, గంటకోసారి 'ఉన్నావా?' అని అడిగేవారు. నీ ఆటకి ఆ పేరెవరు పెట్టారో గానీ, వాళ్ళు మా ఇంటికొచ్చి ఒక రోజు వినాల్సింది. నేను కొట్టిన దెబ్బ నమ్మకం కుదరక మళ్ళీ అడిగేవారు. ఒక్కోసారి వచ్చి నా మొహం తడిమి చూసుకుని వెళ్ళేవారు.

నిన్న పొద్దున పెట్టె తగిలించుకుని, చెప్పకుండా వంటింట్లో నిలబడ్డాను. ఆయన హాల్లో గడియారానికి కీ ఇస్తున్నారు. 'ఉన్నావా?' అన్నారు. నొక్కాను.

'నేనెక్కడికీ పోలేదు. ఈ ఇంట్లోనే ఉన్నాను.'

కీ కింద పడిన చప్పుడు వినిపించింది. నేను పరుగెత్తే లోపలే ఆయన గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చేశారు. ఏడుస్తున్నారురా. నలభై రెండేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. 'మెట్లు' మీట వెతుక్కుంటుంటే నా కళ్ళకీ ఏదీ కనపడి చావలేదు. 'కదలకండి' దొరికింది, అదే నొక్కాను. ఆగారు. 'మీ చెయ్యి ఇలా ఇవ్వండి' నొక్కాను. ఇచ్చారు.

కాసేపటికి తేరుకుని మొహం తుడుచుకుని, ఇంత మర్యాదగా మాట్లాడుతున్నావేమిటే, అది నువ్వో కాదో నాకు అనుమానంగా ఉందన్నారు. సరే, నీ ఎర్ర మీటల్లో మొదటిది నొక్కాను. స్టేషన్లో ఎలక్ట్రీషియన్ గారిని అన్నది.

'ఆ చెవులు వినడానికా, కళ్ళజోడు తగిలించుకోవడానికా?'

ఆయన గోడకి ఆనుకుని నవ్వారు. నవ్వి నవ్వి, 'కళ్ళజోడు మానేసి రెండేళ్ళయిందే, తిట్టు మార్చవా?' అన్నారు. ఇంకోసారి నొక్కమన్నారు. నిన్నటినుంచి ఇప్పటికి పదిహేడు సార్లు నొక్కించుకున్నారు. ఆ మీట అప్పుడే వదులైంది. ఆదివారం వచ్చేటప్పుడు స్క్రూడ్రైవరు తెచ్చుకో.

పిన్ని